సైమి మార్చిన సాసర్లు

శనివారం సంతలో సైమి క్యారెట్ల బల్ల దాకా వచ్చి, అక్కడ రోడ్డు దాటి చేపల వైపుకి వెళుతుంది. చేపలు తీసుకుని, బంగాళాదుంపల కోసం మళ్లీ ఇటు దాటుతుంది. క్యారెట్లమ్మే ఆవిడకి మొదట్లో ఒళ్లు మండేది. "నా క్యారెట్లు నిన్నేమైనా కరుస్తాయా సైమీ?" అని ఒకసారి రోడ్డుకి అడ్డంగా అరిచింది. సైమి చెయ్యి ఊపి ఊరుకుంది. ఊరుకోవడం ఆమె స్వభావం కాదు.

ఆమె తూర్పు సరిహద్దు ప్రాంతమైన కరేలియా మనిషి. వాళ్లు పది మాటలు మాట్లాడే చోట మా హార్యుకోస్కి ఊరివాళ్లం ఒక్కటి మాట్లాడతాం, అదీ అవతలివాళ్లు రెండుసార్లు అడిగితే. ముప్ఫై తొమ్మిదిలో యుద్ధం మొదలైన చలికాలంలో సరిహద్దు ఊళ్లన్నీ ఖాళీ చేయించినప్పుడు ఆమెకి పదమూడేళ్లు. తండ్రి సైన్యంలోకి వెళ్లి తిరిగి రాలేదు. తల్లి జ్వరంతో పడుకునే ఉంది. పశువులని ఎక్కించే రైలు పెట్టెలో, తల్లి పక్కనే ఐదేళ్ల తమ్ముడు తైస్తోని ఒళ్లో కూర్చోబెట్టుకుని వచ్చి సైమి ఈ ఊళ్లో దిగింది. దారి పొడుగునా ఉన్నది ఒకే ఒక్క గట్టి రై ధాన్యపు రొట్టె. దాన్ని కోసేటప్పుడు సైమి కత్తిని కాస్త తన వైపుకి జరిపేది, తమ్ముడి ముక్క పెద్దదయ్యేలాగ. వసంతం రాకముందే తల్లి పోయింది. ఆ తర్వాత కూడా కత్తి అటే జరిగేది.

పెద్దయ్యాక మిల్లు క్యాంటీన్‌లో చేరింది. అక్కడే ఆర్విని చూసింది. ఆర్వి మా ఊరివాడు, మాటల పొదుపరి. కాగితం మిల్లులో అతని పని రీళ్లు చూడడం. మనిషంత ఎత్తున్న ఒక్కో రీలునీ కర్రతో తట్టి, చప్పుడు విని, అది ఏ వరసలోకి వెళ్లాలో చేత్తో చూపించేవాడు. గట్టిగా పలికింది అచ్చుకి, బోలుగా పలికింది తిరిగి గుజ్జులోకి. క్యాంటీన్‌లో సైమి సూప్ వడ్డిస్తూ, "నన్ను ఏ వరసలో పెట్టావు?" అని అడిగిందనీ, ఆర్వి చాలాసేపు ఆలోచించి "అచ్చుకి" అన్నాడనీ మిల్లులో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్లకి పిల్లలు కలగలేదు. తైస్తో పెళ్లి చేసుకోలేదు. నది దగ్గర దుంగలు పట్టే పనిలో చేరి, అక్క ఇంటి పెరడు అవతల గదిలో ఉండేవాడు. ఉదయం కాఫీ, రొట్టె అక్క ఇంట్లోనే.

మగవాళ్లిద్దరూ పొగ తాగేవాళ్లు. తైస్తో ఊసుపోక తాగితే ఆర్వి ఊపిరి తీసుకున్నట్టు తాగేవాడు. అందుకే ఇంట్లో గొడవంతా ఆర్వి సిగరెట్ల గురించే. సైమి చేతికి పెట్టె దొరికితే గిన్నెలు కడిగే నీళ్లలో ముంచేది. ఆర్వి ఏమీ అనకుండా టోపీ పెట్టుకుని కొట్టుకి వెళ్లి ఇంకోటి తెచ్చుకునేవాడు. చలికాలం వచ్చిందంటే అతని దగ్గుకి పక్కింటి కుక్క మొరిగేది.

పందొమ్మిది వందల ఎనభై అయిదు శరదృతువులో ఊరి ఆరోగ్య కేంద్రం నుంచి పిలుపు వచ్చింది. యాభై దాటిన, పొగ తాగే మగవాళ్లంతా రావాలి. మిల్లులో ఆ వారమంతా ఇదే ముచ్చట. "పొగ తాగినందుకు సర్కారు పిలిచి కాఫీ పోయడం ఇదే మొదలు" అన్నాడు తైస్తో. నర్సు ఇర్మెలి వాళ్లని కూర్చోబెట్టి చెప్పింది. కూరగాయలు, క్యారెట్లు బాగా తినేవాళ్లకి ఊపిరితిత్తుల కాన్సర్ తక్కువగా వస్తోందట. అయితే క్యారెట్‌లో ఉండే ఆ విటమిన్‌నే మాత్ర చేసి ఇస్తే పొగ తాగేవాళ్లని కాపాడుతుందా అన్నది చూడాలి. సగం మందికి విటమిన్ మాత్ర, సగం మందికి ఉత్తి నూనె మాత్ర. రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. ఎవరికి ఏది వచ్చిందో తనకి కూడా తెలియదంది. ఏళ్ల తరబడి రోజుకొకటి మింగాలి.

"మానేస్తే?" అని అడిగాడు ఎవరో.

"సిగరెట్ మానేస్తే ఇంకా మంచిది" అంది ఇర్మెలి.

"మాత్ర సంగతి అడిగానమ్మా."

ఆ మాత్ర మేలే చేస్తుందని అందరూ అనుకున్నారు. చెప్పిన నర్సు, పంపిన డాక్టర్లు, మింగిన మగవాళ్లు, ఇంట్లో ఆడవాళ్లు అందరూ. విటమిన్ కీడు చేస్తుందని అప్పుడు ఎవరైనా అని ఉంటే ఊరు నవ్వేది.

సైమి రెండు ఖాళీ కాఫీ డబ్బాలు కడిగి ఆరబెట్టింది. ఎర్ర డబ్బాలో ఆర్వి మాత్రలు, నీలం డబ్బాలో తైస్తోవి. పొద్దున్నే కాఫీ పోసి, ఇద్దరి సాసర్ల అంచునా ఒక్కో మాత్ర పెట్టేది. వాళ్లు మాట్లాడుకుంటూనో, మాట్లాడుకోకుండానో మింగేవాళ్లు. ఎవరి డబ్బా ఏదో వాళ్లు ఏనాడూ చూడలేదు. అది సైమి పని.

తర్వాతి వేసవి మధ్యలో, సూర్యుడు దిగడం మర్చిపోయే పండగ సాయంత్రం, మగవాళ్లు సౌనాలో, కాలిన రాళ్ల మీద నీళ్లు పోసి ఆవిరి పట్టే గదిలో, ఉన్నారు. సైమి బయటి గదిలో కాల్చిన సాసేజీల పళ్లెం పెట్టడానికి వెళ్లింది. తలుపు సందులోంచి ఆవిరి, మాటలు వస్తున్నాయి.

"బావా, నీ అరికాళ్లు చూపించు."

"ఎందుకూ?"

"చూపించవయ్యా, పెళ్లిచూపులా ఏంటి?"

బల్ల కిర్రుమంది.

"తెల్లగా ఉన్నాయి" అన్నాడు తైస్తో. "కడిగిన బంగాళాదుంపల్లాగ. ఇప్పుడు నావి చూడు. అరచేతులు కూడా చూడు. వెన్న! మిల్లులో పసుపు పాదాల వాళ్లంతా కలిసి లెక్కేశాం. అసలు సరుకు వచ్చిన వాళ్లకి ఒళ్లు ఇలా తేలుతుందట. నాకు విటమిన్ వచ్చింది. నీకు నూనె."

"రాళ్ల మీద నీళ్లు పొయ్యి" అన్నాడు ఆర్వి.

"నేను నూరేళ్లు బతుకుతాను బావా. ఎందుకో దేవుడికే తెలియాలి. నా కోసం ఏడ్చేవాళ్లు కూడా మిగలరు."

ఆర్వి నవ్వబోయాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగి చాలాసేపు ఆగలేదు. సైమి పళ్లెం పట్టుకుని, ఆ దగ్గు అయ్యేదాకా మెట్టు మీదే నిలబడింది. సాసేజీలు చల్లారాయి.

మర్నాడు ఉదయం ఆమె ఎర్ర డబ్బాలో మాత్ర తీసి తైస్తో సాసర్ మీద పెట్టింది. నీలం డబ్బాలోది ఆర్వి సాసర్ మీద పెట్టింది. అంతే. డబ్బాలు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. దాచిందేమీ లేదు. చెయ్యి మాత్రం మారింది.

తమ్ముడి ముక్క తీసి మొగుడికి పెట్టడం ఆమెకి అదే మొదటిసారి. ఆ తప్పు ఆమెని తిన్నగా ఉండనివ్వలేదు. తైస్తో రొట్టె మీద వెన్న మందంగా పూసేది. చేపలో వీపు ముక్క అతనికే. ఆ శీతాకాలం అతనికి మేజోళ్ల మీద మేజోళ్లు అల్లింది. "అక్కా, నాకున్నవి రెండు కాళ్లే" అన్నాడు తైస్తో. ఆమె అతని కళ్లలోకి చూడకుండా నూలు చుట్టుకుంది.

ఇంకో చిక్కు వచ్చింది. ఆర్వి అరచేతులు పచ్చబడితే నర్సు అడుగుతుంది. అందుకని సైమి క్యారెట్లు మొదలుపెట్టింది. పెరట్లో సగం మడి క్యారెట్లే. తురిమిన క్యారెట్లు, క్యారెట్ సూప్, క్రిస్మస్‌కి మాత్రమే కాల్చే క్యారెట్ వంటకం మామూలు మంగళవారం నాడు. ఆర్వి ముందు రోజూ ఒక నారింజ రంగు గుట్ట ఉండేది.

"ముసలీ, నాకు చెవులు పొడుగవుతున్నాయి" అన్నాడు ఆర్వి ఒకరోజు.

"తిను. కళ్లకి మంచిది."

"కళ్లు బాగానే ఉన్నాయి. ఎదురుగా క్యారెట్లు కనిపిస్తూనే ఉన్నాయి."

ఆకులు రాలే వేళకి ఆర్వి చేతులు పచ్చబడ్డాయి. ఇర్మెలి పరీక్షలో అడిగితే, "మా ఆవిడ క్యారెట్లు" అన్నాడు ఆర్వి. ఇర్మెలి నవ్వింది. సౌనాలో తైస్తో మళ్లీ ఎప్పుడూ అరికాళ్ల మాట ఎత్తలేదు. అతను ఒక విషయం వదిలేయడం వింతే. సైమి ఆ వింతని గమనించలేదు, గండం గడిచిందనుకుంది.

ఇంకొకటి కూడా మారింది. అప్పట్లో అది ఆమెకి తప్పుగా తోచలేదు. సిగరెట్ల గొడవ ఆగిపోయింది. మాత్ర ఉంది కదా, అదే కాచుకుంటుంది. గిన్నెల నీళ్లలో పెట్టెలు ముంచడం మానేసింది. పాలకి వెళ్లినప్పుడు తనే సిగరెట్లు కూడా తెచ్చి బల్ల మీద పెట్టేది. ఆర్వి మొదటిసారి ఆ పెట్టెని కాసేపు చూసి, తీసి జేబులో వేసుకున్నాడు. ఆరేళ్లు ఇల్లు ప్రశాంతంగా ఉంది.

తర్వాత ఒక ఫిబ్రవరిలో, గడ్డకట్టిన చెరువు మీద బెజ్జం చేసి చేపలు పట్టుకుంటున్న ఆర్వి పక్కన మంచు మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. సైమి ఫ్లాస్కులో కాఫీ తీసుకెళ్లింది.

"అదేంటి?"

"చేప రక్తం."

"చేప ఏది?"

"జారిపోయింది."

పట్నం పెద్దాసుపత్రిలో ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీశారు. ఊపిరితిత్తుల కాన్సర్. కోయడానికి ఆలస్యమైందన్నారు. కిరణాల వైద్యం ఇచ్చి ఇంటికి పంపారు. సైమికి కోపం వచ్చింది గానీ అది మాత్ర మీద కాదు. ఆలస్యంగా మొదలుపెట్టానేమో, మొదటి ఏడాదే మార్చాల్సిందేమో అని తన మీద తనకి. తమ్ముడిది దొంగిలించి కూడా మొగుణ్ణి దక్కించుకోలేకపోయానని అనుకుంది.

ఆ వసంతంలోనే అందరికీ మాత్రలు ఇవ్వడం ఆపేశారు. ఏడాది గడిచింది. తొంభై నాలుగు ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ముగ్గురూ టీవీ వార్తల ముందు కూర్చున్నారు. ఆర్వి కుర్చీలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. మాత్రల పరీక్ష ఫలితాలు వచ్చాయని చదివారు. విటమిన్ మాత్ర మింగిన పొగరాయుళ్లలో కాన్సర్ తగ్గలేదు. పెరిగింది. డాక్టర్లే నమ్మలేక లెక్క మళ్లీ మళ్లీ చూసుకున్నారట. ఆ తర్వాత వాతావరణం చెప్పారు. రాత్రికి మంచు, ఉదయానికి వాన.

ఆర్వి బావమరిది వైపు తిరిగాడు. "వెన్న పాదాలు నీవే కదా. జాగ్రత్త."

తైస్తో కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాడు. సైమి లేచి వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

మే నెలలో ఇర్మెలి ఇంటికే వచ్చింది. ఎవరిది ఏ వరసో ఇప్పుడు చెప్పొచ్చని పైనుంచి మాట వచ్చిందట. బల్ల దగ్గర కూర్చుని, సైమి చెయ్యి పట్టుకుంది.

"మీకు కాస్త ఊరటగా ఉంటుందని నేనే వచ్చానండీ. ఆర్విది నూనె వరస. ఆయన ఆ విటమిన్ ఒక్కటి కూడా మింగలేదు. ఈ జబ్బుకీ మాత్రకీ సంబంధం లేదు. కనీసం ఆ బాధ మీకు అక్కర్లేదు."

సైమి కాఫీ పోస్తోంది. కప్పు నిండి, సాసర్ నిండి, బల్లగుడ్డ మీదికి కారింది.

"తైస్తోది విటమిన్ వరస" అంది ఇర్మెలి గుడ్డ తుడుస్తూ. "ఆయన్ని ఒకసారి ఫోటోకి రమ్మనండి. కంగారేం లేదు, చూద్దాం."

"సిస్టర్, విటమిన్ మనిషినెలా పాడుచేస్తుంది?"

"ఎవరికీ ఇంకా తెలీదండీ. నాకు చెప్పింది చెబుతాను. మామూలు ఒంట్లో అది మంచిదే. పొగ పట్టిన ఊపిరితిత్తిలో అది పొగ వేడికి విరిగిపోతుందేమో, ఆ విరిగిన ముక్కలు కణం లోపల జన్యువు దాకా వెళ్లి దాన్నే దెబ్బతీస్తాయేమో అని అనుమానం. అనుమానమే. క్యారెట్లు మాత్రం ఎన్నైనా తినొచ్చు. మాత్రలో ఉన్నంత ఏ క్యారెట్‌లోనూ ఉండదు."

ఆర్వికి ఆ కబురు నచ్చింది. ఆ వారం చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ అదే చెప్పాడు. జీవితంలో అంత మాట్లాడింది లేదు. "మాది నూనె వరస. నన్ను మాత్ర చంపడం లేదు. ఇది నా సొంత సంపాదన, ఒక్కొక్క సిగరెట్టూ కూడబెట్టుకున్నది." మిల్లు వాళ్లు నవ్వి, బన్ను తిని వెళ్లేవాళ్లు. అతను ఆ మాట అన్నప్పుడల్లా సైమి ఏదో ఒక పని మీద బయటికి వెళ్లేది. వారం తిరిగేసరికి బయట చెయ్యడానికి పనులు మిగల్లేదు.

చెప్పుకోడానికి మిగిలింది తైస్తో ఒక్కడే. పెరట్లో కట్టెలు కొడుతున్నాడు.

"ఒరేయ్, నీకో మాట చెప్పాలి."

"ఈ నాలుగూ అవనీ."

"నీ మాత్రలు నువ్వు మింగలేదురా."

తైస్తో ఇంకో దుంగ నిలబెట్టి రెండుగా చీల్చాడు. "తెలుసు."

"ఏం తెలుసు?"

"అక్కా, సౌనాలో పై బల్ల మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంటాను. వారం వారం నా పాదాలు నా ముక్కు ముందే ఉంటాయి. వెన్న పోయి బంగాళాదుంప వచ్చింది. బావవి బంగాళాదుంప పోయి వెన్న వచ్చింది. నువ్వేమో ఉన్నట్టుండి ఊరికంతా సరిపడా క్యారెట్లు పండిస్తున్నావు. నేను దుంగలెత్తేవాణ్ణే గానీ దుంగని కాదు."

"మరి నోరు మూసుకుని ఎందుకున్నావురా!"

గొడ్డలి మొద్దులో దింపి, తైస్తో సిగరెట్ ముట్టించాడు. "రైల్లో పెద్ద ముక్క నాకే పెట్టేదానివి. నేను చూడట్లేదనుకునేదానివి. ఒక్కసారి బావకి పెడితే పెట్టనీ అనుకున్నాను. నేనో మంచి పని చేస్తున్నాననుకున్నాను. వెతికితే నా బతుకు మొత్తం మీద అదొక్కటే ఉంది." కాసేపు పొగ వదిలాడు. "ఇప్పుడు చూస్తే, ఈసారి కూడా మంచి ముక్క నాకే వచ్చింది."

"నిన్ను దోచుకున్నానని ఆరేళ్లు మేజోళ్లు అల్లాను."

"మేజోళ్లు బావున్నాయి. తిరిగివ్వను."

ఆమె ఏడవలేదు. చీల్చిన కట్టెలు ఒక్కొక్కటీ తీసి పేర్చడం మొదలుపెట్టింది.

"బావకి చెబుతావా ఏంటి?"

"మీ బావ వచ్చినవాళ్లందరికీ నూనె వరస, నూనె వరస అని చెప్పుకుంటున్నాడు."

"చెప్పుకోనీ. ఇంకెన్నాళ్లు చెప్పుకుంటాడు? సంతోషంగా ఉన్నాడు కదా. ఇప్పుడెళ్లి చెబితే ఆ కాస్తా లాక్కున్నట్టే."

"చెప్పకపోతే, రేపు ఆయన పోయాక నాకు మిగిలేది అబద్ధపు మొగుడు."

"అక్కా, నీ మనసు తేలిక కోసం చచ్చేవాడి నెత్తిన ఆ బరువు పెడతావా?"

సైమి ఇంకో కట్టె తీసి పేర్చింది. ఆ ప్రశ్నకి జవాబు తెలిసుంటే బావుండేదని తర్వాత చాలాసార్లు అంది. శనివారం దాకా ఆలోచించి, ఆ శనివారం చెప్పేసింది.

మా దగ్గర చెప్పాల్సిన మాటలు సౌనాలోనే చెబుతారు. అక్కడ గొంతు పెంచకూడదు, తలుపు వేసుకుని పోకూడదు. ఆర్వి ఊపిరికి ఎక్కువ వేడి పడదని సైమి పొయ్యి సన్నగా వేసింది. ఇద్దరూ కింది బల్ల మీద కూర్చున్నారు. అతని వీపు మీద ఎముకలు లెక్కపెట్టొచ్చు. మాత్రలు ఆపి చాలా కాలమైంది, చేతులు తెల్లగా తిరిగొచ్చాయి. ఆమె గోడ వైపు చూస్తూ మొత్తం చెప్పింది, సాసేజీల పళ్లెం దగ్గర్నుంచి.

ఆర్వి తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"అయితే ఆ క్యారెట్లు?" అన్నాడు.

"నీ చేతులు పచ్చబడితే ఇర్మెలి పట్టుకుంటుందని."

"అందుకా?"

"అందుకే."

"ఆరేళ్లు తిన్నాను."

"తిన్నావు."

"క్రిస్మస్‌కి కూడా."

"క్రిస్మస్‌కి అందరూ తింటారు."

"అందరూ ఒక వంతు తింటారు, నేను రెండు తిన్నాను!" దగ్గు తన్నుకొచ్చింది. సైమి వీపు మీద చెయ్యి వేయబోతే తోసేశాడు. దగ్గు తగ్గాక గరిటెతో నీళ్లు తీసి రాళ్ల మీద పోశాడు. కొంచెమే పోశాడు.

"నీకొకటి తెలీదు" అన్నాడు. "నా సిగరెట్లు ముంచేదానివి. తర్వాత నువ్వే తెచ్చిపెట్టడం మొదలుపెట్టావు. మొదటిరోజు ఆ పెట్టె చూసి, అయిపోయింది, సైమికి నా మీద ఆశ పోయింది అనుకున్నాను."

"ఆశతోనే తెచ్చాను."

"నాకెలా తెలుస్తుంది?"

ఆమెకి తైస్తోతో మాట్లాడినప్పుడు ఇంత బరువు అనిపించలేదు. మాత్ర ఏం చేసిందో ఎవరికీ తెలియదు. పెట్టె సంగతి వాళ్లిద్దరికీ తెలుసు.

"క్షమించమని అడగను" అంది.

"అడక్కు." ఆర్వి తువ్వాలు భుజాన వేసుకుని లేచే ప్రయత్నం చేసి, కూర్చున్నాడు. "సోమవారం ఇర్మెలి దగ్గరికి వెళ్లు. నన్ను తప్పు వరసలో పెట్టారని చెప్పు. మిల్లులో అన్నేళ్లు నేను ఒక్క రీలు తప్పు వరసలో పెట్టలేదు. నన్ను కూడా సరైన దాంట్లో పెట్టమను. ఇప్పుడు నన్ను లేపు."

ఆమె లేపింది. బట్టలు వేసుకునేటప్పుడు బొత్తాలు పెట్టనిచ్చాడు. ఆ రాత్రి కాఫీ వద్దన్నాడు. ఆదివారమంతా ఆమెతో మాట్లాడలేదు. అంతకుముందు ఆదివారాలకీ దీనికీ తేడా బయటివాళ్లకి తెలిసేది కాదు, ఆమెకి తెలిసింది.

సోమవారం ఇర్మెలి గదిలో సైమి కోటు విప్పకుండానే చెప్పింది. ఇర్మెలి వింటూ వింటూ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. చేతులు పచ్చబడ్డాయని అడిగింది తనే, క్యారెట్లంటే నవ్వింది తనే. ఆమె పట్నానికి ఫోన్ చేసింది. అవతల ఒకరు ఇంకొకరిని పిలిచారు. పెట్టేసి చెప్పింది.

"వరస మారదండీ."

"నేనే చేశానని చెబుతున్నాను కదా. కావాలంటే తమ్ముడు కూడా వచ్చి చెబుతాడు."

"మిమ్మల్ని నమ్మక కాదు. ఎవరికి ఏది ఇచ్చామో దాన్నిబట్టే లెక్క. ఎవరు ఏది మింగారో దాన్నిబట్టి కాదు. మొదటిరోజు పెట్టుకున్న నియమం అది. మధ్యలో మార్చడం మొదలుపెడితే ఎవరికి కావలసినట్టు వాళ్లు మారుస్తారు, ఇక ఆ లెక్కని ఎవరూ నమ్మరు."

"అయితే మా ఆయన కాన్సర్ నూనె లెక్కలో పడిందా?"

"పడింది."

"తైస్తో బావుండడం?"

"విటమిన్ లెక్కలో."

సైమి కోటు బొత్తాలు పై నుంచి కిందికి సరిచూసుకుంది. "సిస్టర్, ఆర్వికి మాత్ర వల్ల వచ్చిందా, సిగరెట్ వల్ల వచ్చిందా?"

"ఒక్క మనిషి గురించి ఎవరూ చెప్పలేరండీ." ఇర్మెలి కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "నూనె మింగినవాళ్లలో నూరుమందికి వచ్చే చోట, విటమిన్ మింగినవాళ్లలో నూట పద్దెనిమిది మందికి వచ్చింది. ఆ నూరూ సిగరెట్‌వి. పైన పద్దెనిమిదీ మాత్రవి. ఆయన నూరులోవాడో, పద్దెనిమిదిలోవాడో ఏ డాక్టరూ చూసి చెప్పలేడు. నూరులోవాడయ్యే అవకాశమే ఎక్కువ."

అది ఊరట కోసమే అంది. నూరులోవాడైతే ఆ పెట్టెలు తెచ్చిపెట్టింది తనేనని సైమి పైకి అనలేదు.

ఇంటికి వచ్చి ఆర్వికి చెప్పింది.

"మార్చరా?"

"మార్చరట."

"ఇదేం మిల్లు!" అన్నాడు ఆర్వి. సౌనా రాత్రి తర్వాత ఆమెతో నోరు విప్పడం అప్పుడే. తర్వాత కాఫీ అడిగాడు.

బంగాళాదుంపలు తవ్వే వేళకి అతను పోయాడు. ఖననానికి మిల్లు వాళ్లంతా వచ్చారు. ఆర్వి నూనె వరస మనిషనీ, మాత్రతో సంబంధం లేదనీ తర్వాత కాఫీల దగ్గర కూడా ఒకరు అన్నారు. సైమి కప్పు కింద పెట్టి, "నూనె వరస కాదు, నేను మార్చాను" అంది. చివరికి ఒకావిడ బన్ను బావుందంది. ఊరు మొత్తానికి అప్పుడే తెలిసింది.

కొందరు ఆమెని తప్పుపట్టారు. పసుపు పాదాల మగవాళ్లున్న ఇళ్లవాళ్లు ఎక్కువగా తప్పుపట్టలేదు. పెరట్లో క్యారెట్ మడి తవ్వేసి ఉల్లి వేసింది. క్యారెట్ ఏ పాపం ఎరగదని ఇర్మెలి మళ్లీ చెప్పింది. సైమి తల ఊపింది, సంతలో రోడ్డు దాటడం మాత్రం మానలేదు.

తైస్తో ఏడాదికోసారి ఫోటో తీయించుకుంటున్నాడు. పోయిన చలికాలం దాకా శుభ్రంగానే ఉంది. పొద్దున్నే అక్క ఇంటికే వస్తాడు. ఇప్పుడు అతని సాసర్ అంచున ఏమీ ఉండదు. కోటు గోడకి తగిలించడం ఆలస్యం, సైమి జేబులు తడుముతుంది.

"అక్కా, అరవై దాటినవాడి జేబులో చెయ్యి పెడతావా, సిగ్గు లేదూ?"

"లేదు. ఇలా తే."

"అది కొత్త పెట్టె!"

గిన్నెల నీళ్లలో ముంచి, పైకి తేలకుండా చేత్తో నొక్కి పట్టుకుంటుంది. తైస్తో తిట్టుకుంటూ కాఫీ తాగి, టోపీ పెట్టుకుని కొట్టుకి వెళతాడు. నిన్న ముంచిన పెట్టెలో ఇరవైకి పద్నాలుగు కాల్చనివి ఉన్నాయి.